ఆటగాని అంగీ, గృహస్థుని వీపు

పుస్తకములను విమర్శించుట మా పరిపాటి. ఈ మాసమున మేము చేతబట్టినది పుస్తకము కాదు, ఒక అంగీ. అయినను దానిపై అక్షరములు కలవు, అంకె కలదు, ప్రకాశకుని గుర్తు కలదు, వెల కలదు. పుస్తకమును పదిమంది చదువుదురేమో కాని యీ వ్రాతను బజారులో పోవువారందరును చదువుచున్నారు. ఇంతమంది చదువు వ్రాతను విమర్శకులు విడిచిపెట్టుట తగదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కడప జిల్లా వేంపల్లె మాకు పరిచితమైన యూరు. పాపఘ్ని యేటి సమీపమున, గండి యాంజనేయస్వామి క్షేత్రమునకు దగ్గరగా, పులివెందులకు పోవు బాటలో నున్నది. చుట్టును చీనీతోటలు, అరటితోటలు, వేరుసెనగ చేలు. ఏటిలో నీటికంటె ఇసుకయే యెక్కువ దినములు కనబడును. 2025 వేసవిలో మాకు పెద్దదిక్కు వంటి యొక వృద్ధుడు ఆ యూర కాలధర్మము నొందెనని తెలిసి పరామర్శకు పోయితిమి. మేము చేరుసరికి ఇంటిముందరి చప్పరము క్రింద పెద్దలు తెల్లని పంచెలతో, భుజములపై తువ్వాళ్లతో కూర్చుండియుండిరి. ఆ తెల్లదనము నడుమ నలువదియైదేండ్ల మనుష్యుడొకడు పసుపుపచ్చని క్రికెట్టు జెర్సీ తొడిగి అటునిటు తిరుగుచుండెను. ఎదపై సింహపుతల. వీపున 7 అను అంకె, దానిపై ధోని పేరు.

మా ప్రక్కనున్న పెద్దమనుష్యుడు మెల్లగా, “సావింటికి ఈ వేసమేందబ్బా! వాడేమన్నా పిల్లోడా?” అనెను. ఆయన తమ్ముని కుమారుడు, “గుడ్డే కదా పెద్దనాయనా! ఏ గుడ్డయితే ఏమి?” అని బదులు చెప్పెను. అంతటితో ఆ మాట ఆగినది. మా మనస్సులో మాత్రము ఆగలేదు. పెద్దాయన పక్షముననే మేమును ఉంటిమి. ఆ రాత్రి ఇంటికి తిరిగి వచ్చుచు, ఆడని పెద్దలు ఆటజట్టుల దుస్తులను నిత్యజీవితమున ధరించుట తగునా యను విషయముపై గట్టిగా నొక వ్యాసము వ్రాయవలెనని నిశ్చయించుకొంటిమి. వ్రాయబూనిన పిమ్మట మా నిశ్చయమునకు పట్టిన గతియు దాచక చెప్పుదుము.

మొదట ఆ పిన్నవాని మాటకు సమాధానము. గుడ్డ గుడ్డయే యనుట మన దేశమున చెల్లదు. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీమహాత్ముడు అంగీని, తలపాగను విడిచి కొల్లాయి మాత్రము కట్టెను. ఒక్క మాట పలుకకయే ఆయన పలికినది దేశమంతటికి వినబడినది. ఖద్దరు కట్టినవాడు ఒక మాట చెప్పెను, సీమగుడ్డను మంటలో వైచినవాడు ఒక మాట చెప్పెను. వితంతువుచేత తెల్లచీర కట్టించిన సంఘము ఒక మాట చెప్పెను, దానిని మాన్పింప పూనిన సంస్కర్త మరియొక మాట చెప్పెను. వస్త్రము మాటలాడునని యెరిగిన మనము, ఎదపైనను వీపునను స్పష్టముగా అక్షరములే వ్రాసియున్న వస్త్రము మాటలాడదని యెట్లనగలము?

అట్లయిన ఈ యంగీ ఏమి చెప్పుచున్నది? దాని పుట్టుక తెలిసిననే కాని యిది తేలదు.

క్రికెట్టు చిరకాలము తెల్లదుస్తుల ఆట. 1983 జూను 25వ తేదీని కపిల్‌దేవ్ నాయకత్వమున మనవారు లార్డ్సు మైదానమున ప్రపంచకప్పు గెలిచిన నాడును తెల్లదుస్తులలోనే గెలిచిరి. ఆనాడు వేంపల్లెలో నెవరైనను ఆ వీరుల వేషము వేయదలచియున్నచో, తెల్లచొక్కాయి, తెల్లపంట్లాము తొడిగిన చాలియుండును. అది బడిపంతులు వేషమే. రంగులు అంతకుముందే ఆస్ట్రేలియాలో పుట్టినవి. కెర్రీ ప్యాకరు అను టెలివిజను యజమాని ఆటగాండ్రను తనవైపునకు త్రిప్పుకొని నడపిన పోటీలలో, 1979 జనవరిలో, రాత్రివేళ దీపముల వెలుతురున, తెల్లబంతితో, రంగుబట్టలతో ఆడించెను. 1992 ప్రపంచకప్పులో అన్ని జట్లకును రంగులు వచ్చినవి, వీపున ఆటగాని పేరును వచ్చెను.

ఆ పేరు ఏల వచ్చినది? దూరమున కూర్చుండి చూచువానికి, మైదానమున నున్నవాడెవడో తెలియుటకు వచ్చినది. అనగా వీపున పేరు ఆ మనుష్యుని గుర్తుపట్టుటకు సాధనము. ఆ వ్రాతనే చూచువాడు తన వీపునకు అంటించుకొన్నచో ఫలము తలక్రిందగుచున్నది. ఆటగాని వీపున ఆ పేరు మనుష్యుని తెలుపును. చూచువాని వీపున ఆ పేరే మనుష్యుని దాచును. వేంపల్లె బజారులో వెనుకనుండి చూచిన యెడల పదిమంది ధోనులు, పదిమంది కోహ్లీలు నడచుచుందురు. వారిలో చీనీ బేరగాడెవడో, ఉపాధ్యాయుడెవడో, కొళాయి మరమ్మతు చేయువాడెవడో ముందరికి పోయి మొగము చూచిననే కాని తెలియదు.

ఆటగాండ్ర అంగీలకు నకళ్లు చేసి యమ్ము వ్యాపారము ఇంగ్లండు ఫుట్‌బాలు ఆటలో 1970ల నడుమ స్థిరపడెను. అడ్మిరలు అను కంపెనీ లీడ్సు జట్టు అంగీకి తన గుర్తువేసి అమ్మసాగెను. గమనింపదగిన విషయమేమనగా, ఆ నకళ్లు మొదట బాలుర కొలతలకే కుట్టబడెను. తండ్రులు కొనిపెట్టిరి, కుమారులు తొడిగిరి. కొంతకాలమునకు తండ్రులును తొడుగసాగిరి. బాలుడు పెద్దవాని అంగీని తొడిగి, నేనును ఇట్టివాడ నగుదునని ఆశపడుట సహజము. ఆ యంగీ వానికి భవిష్యత్తు. నలువది దాటిన తండ్రికి అది భవిష్యత్తు కాజాలదు. మరి యేమగును?

దీనికి మన పల్లెలలోనే యొక పోలిక కలదు. రాయలసీమ పల్లెలలో రైతులు పౌరాణిక నాటకములాడుట నేటికిని కలదు. రాత్రియంతయు దుర్యోధనుడై మీసము దువ్వినవాడు తెల్లవారగానే కిరీటము విప్పి పెట్టెలో పెట్టి, మొగము కడిగికొని, మడకతో చేనికి పోవును. కిరీటముతో దున్నబోవువానిని మేము చూడలేదు. పగటివేషగాండ్రు కలరు కదా యనిన, అది వారి జీవనవృత్తి. వేషము వేయుట తప్పు కాదు. వేషమునకు వేళ యనునది ఒకటి కలదు. అది మఱచుటయే తప్పు.

పరుల కీర్తిని ధరించుటలోను అట్టి మఱపే కలదు. “అరువు సొమ్ములు బరువు చేటు” అని మన యాడువారు ఎన్నడో చెప్పియున్నారు. పెండ్లికి ఎరువు తెచ్చుకొన్న కాసులపేరు ఎంత మెరసినను దానిని పెట్టుకొన్నామె మనస్సునకు కుదురుండదు. ఈ విషయమున ఆటగాండ్రకున్న సంకోచము చూచువారికి లేకుండుట వింత. 2017లో శార్దూల్ ఠాకూరు అను బౌలరు 10వ అంకె గల అంగీతో ఆడగా, అది సచిన్ టెండూల్కరు అంకె యని జనులు గగ్గోలు చేసిరి. ఆతడు అంకె మార్చుకొనెను. 2023లో ధోని 7వ అంకెను మరెవ్వరికిని ఇవ్వరాదని క్రికెట్టు బోర్డు నిర్ణయించెను. దేశము పక్షమున ఆడు యువకుడు, చేత బంతి పట్టినవాడు, ఆ అంకెలను ముట్టరాదు. బంతి ముట్టనివాడు మాత్రము బజారులో కొని తొడుగవచ్చును! అర్హత పెరిగినకొలది అధికారము తరుగు వింత యిక్కడనే చూచితిమి.

ఇక ఎదపై వ్రాతను చదువుదము. వీపున నున్నది మనుష్యుని పేరు. ఎదపై నున్నది డబ్బిచ్చినవాని పేరు. ఈ ముప్పది సంవత్సరములలో భారతజట్టు అంగీపై నెక్కిన పేర్లను వరుసగా చూచిన నొక చరిత్ర తేలును. 1990ల దశకమున విల్సు అను పేరుండెను. అది సిగరెట్టు పేరు. 1996లో మన దేశమున జరిగిన ప్రపంచకప్పునకును ఆ పేరే పెట్టిరి. 2001లో ఆ కంపెనీ తప్పుకొనెను, 2003లో పొగాకు ప్రకటనలను నిషేధించుచు పార్లమెంటు చట్టము చేసెను. తరువాత 2013 వరకు సహారా. చిన్నచిన్న పొదుపులను పోగుచేసిన ఆ సంస్థవారి రెండు కంపెనీలు మదుపుదారులకు సుమారు 24,000 కోట్ల రూపాయలు వడ్డీతో తిరిగి యిచ్చివేయవలెనని 2012లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. 2019 నుండి 2023 వరకు బైజూస్ అను పాఠముల వ్యాపారసంస్థ. తమకు రావలసిన బాకీ యీయలేదని క్రికెట్టు బోర్డే వ్యాజ్యము వేయగా 2024లో అది దివాలా విచారణలో పడెను. ఆ పిమ్మట 2023 నుండి 2025 వరకు డ్రీమ్ ఎలెవెన్. ఆటగాండ్రను ఎన్నుకొని సొమ్ముపెట్టి గెలుపు నాశించు ఆట అది.

ఈ కడపటి పేరు దగ్గర మన జిల్లావారు కొంచెము నిలువవలెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో, 1974 నాటి జూదపు చట్టమును సవరించి, అంతర్జాలమున సొమ్ముపెట్టి యాడు ఆటలను నిషేధించెను. తమది జూదము కాదు, నైపుణ్యపు ఆటయని ఆ కంపెనీవారు వాదించిరి. కొన్ని న్యాయస్థానములు ఆ వాదము నంగీకరించినవి కూడ. అయినను మన రాష్ట్రమువారు ఆ సొమ్ముపోటీలలో చేరుటకు వీలులేకుండెను. అనగా ఆ రెండేండ్లు వేంపల్లె వీథులలో నీలపుటంగీ తొడిగి తిరిగిన ప్రతి గృహస్థుడును, తన రాష్ట్రమున మూసివేయబడిన దుకాణమునకు తన ఎదను గోడగా నిచ్చెను. గోడపై ప్రకటన వ్రాయువాడు గోడ యజమానికి బాడుగ ఇచ్చును. ఇక్కడ గోడయే ఎదురు డబ్బిచ్చెను! 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము దేశమంతటను సొమ్ముపెట్టి యాడు అంతర్జాలపు ఆటలను నిషేధించుచు చట్టము చేయగా ఆ పేరు జట్టు అంగీనుండి దిగిపోయెను. సెప్టెంబరులో టైర్లు చేయు అపోలో కంపెనీ ఆ తావునకు వచ్చెను. జట్టు అంగీ మారినది. ఇండ్లలో కొనిపెట్టుకొన్న అంగీలు మారవు కదా! అవి చినుగువరకు ఆ పాత మాటనే చెప్పుచుండును.

ఇది పరిహాసమునకు చెప్పినది కాదు. క్రికెట్టు పందెములవలన తాకట్టుకు పోయిన నగలు, అమ్ముడుపోయిన ఎద్దులు, చదువు మానిన పిల్లలు మనకు తెలియనివారు కారు. వేసవి రెండునెలలు సాయంకాలమైనచో ఇంటి యజమాని కన్ను తెరపైనను, వ్రేలు ఫోనుపైనను ఉండిన ఇల్లాలి గుండె ఎట్లు కొట్టుకొనునో ఆమెనే యడుగవలెను. అట్టి యింట తండ్రి ఎదపై పందెపు పేరును నిత్యము చదువుచు పెరుగు బాలునికి, పందెము తప్పని యే పాఠపుస్తకము చెప్పగలదు?

వెల విషయమును చెప్పుదుము. 2023లో అడిడాస్ కంపెనీవారు భారతజట్టు అంగీలను మూడు తరగతులుగా అమ్మకమునకు పెట్టిరి. అభిమానుల అంగీ 999 రూపాయలు, నకలు 2,999 రూపాయలు, ఆటగాండ్రు తొడుగునట్టిది 4,999 రూపాయలు. భక్తికి కూడ పెద్దబండి, చిన్నబండి టిక్కెట్లు ఏర్పడినవన్నమాట. పైగా రూపు మాటిమాటికి మారును, పాతది తొడిగినవాడు వెనుకబడినవాడగును. మన జిల్లాలోనే మాధవరమున, జమ్మలమడుగున మగ్గములపై నూలుగుడ్డ నేయువారుండగా, నిప్పులు చెరుగు సీమ యెండలో పాలిస్టరు తొడిగి చెమటతో ఉడికిపోవుచు దానికి వేలు చెల్లించుట మాకు బుద్ధిమంతుల పనిగా తోచలేదు.

ఇంతవరకు వ్రాసి, మా వ్యాసము ముగిసినదనియే తలంచితిమి. కాని పెద్దకర్మకు మరల వేంపల్లెకు పోగా, అక్కడ ఆ పసుపుటంగీ మనుష్యునితో మాటలాడు నవకాశము కలిగెను. ఆయన చీనీకాయల మండీలో మూటలెత్తు హమాలీ. ఆయనను కూర్చుండబెట్టి, ఆ జట్టుపై అంత అభిమానమేమని యడిగితిమి. ఆయన నవ్వి యిట్లనెను: “ఆట సూసేకి నాకు పొద్దు యాడుందన్నా? ఇది నూటాయాభై రూపాయలు. మూటలకు తొందరగా సినగదు. రాత్రి పిండి ఆరేస్తే తెల్లారేకి ఆరుతుంది. పేరంటావా? పేరు ల్యాకుండా అమ్మేది దొరకలా.”

పేరు లేనిది దొరకలేదు! ఈ మాటతో మేము వ్రాసిన దానిలో సగము కూలిపోయెను. పరుల కీర్తిని అరువు తెచ్చుకొనెనని మేము నిందించినవాడు ఆ కీర్తిని కోరనే లేదు. వానికి కావలసినది అంగీ. అంగడి వానికి అంగీతోపాటు ఒక పేరును అంటగట్టినది. నూలుగుడ్డ శ్రేష్ఠమని మేము వ్రాసితిమి. ఉన్నది రెండంగీలైనవానికి తెల్లవారుసరికి ఆరునదియే శ్రేష్ఠమని మాకు తట్టలేదు. చేనేత పంచె ఉదుకుటకు మనుష్యులుండిన యింట పుట్టినవారి ఆలోచన అది. పైగా, మేము తెలిసికొన్న దేమనగా, ఆనాడు తెల్లవారుజామున మండీలో నుండగా చావుకబురు విని ఆయన ఉన్నవాడున్నట్లు పరుగెత్తి వచ్చెను. వెదుళ్లు కొట్టితెచ్చినది, పాడె కట్టినది, ఎండలో దూరముగా నున్న శ్మశానమువరకు ఒక కొమ్ము విడువక మోసినది ఆయనయే. తెల్లపంచెల మేము చప్పరము క్రింద కూర్చుండి ఆయన వీపును చదువుచుంటిమి.

కావున మా ప్రశ్నను మరల మొదటినుండి అడుగవలసి వచ్చినది. ఆటజట్టు అంగీలను తొడుగువారందరు ఒక్క తెగ కారు. అవసరమునకు తొడుగువాడొకడు, సంతోషమునకు తొడుగువాడొకడు, డంబమునకు తొడుగువాడొకడు. మొదటివానిపై విమర్శకునికి అధికారము లేదు. వాని వేషము వాని బీదతనమును చెప్పును, బీదతనమునకు బాధ్యులెవరో వేరుగ విచారింపవలెను.

రెండవవాని సంగతి. ఇది మేము మొదట అనుకొన్నంత తేలికయైనది కాదు. మన పల్లెలలో వస్త్రమును చూచియే కులము చెప్పగల కాలము బహుదూరపుది కాదు. పంచె మోకాలి క్రిందికి దిగుటకు కొందరికి అధికారము, కొందరికి లేదు. దొర ఎదురైనచో భుజముమీది తువ్వాలు చంకలోనికో నడుమునకో దిగవలెను. ఐ. పి. ఎల్. పోటీల దినములలో వేంపల్లె హోటలులో టెలివిజను ముందర కూడినవారిని చూచితిమి. హిందువులున్నారు, ముసల్మానులున్నారు. ఒకరి ప్రక్కన నొకరు కూర్చుండుటకు వారి తాతలు ఒప్పుకొనియుండని కులములవారున్నారు. అందరిపై ఒక్క రంగే. ఎవడు ఏ కులమువాడో ఆ యంగీ చెప్పదు. పేరును దాచునని మేము పైని నిందించిన గుణమే యిక్కడ మేలు చేయుచున్నది. సంఘసంస్కర్తలు సహపంక్తిభోజనముల సభలు పెట్టి కష్టపడి సాధింపజూచినదానిని, మూడు గంటలపాటైనను, ఈ రంగుగుడ్డ సాధించుచున్నదని యొప్పుకొనక తీరదు.

మరియొకటి. హైదరాబాదు పక్షమున 2008 నుండి 2012 వరకు డెక్కన్ ఛార్జర్సు, 2013 నుండి సన్‌రైజర్సు ఆడుచున్నను, వేంపల్లెలో పసుపు, ఎరుపు రంగులే మాకు ఎక్కువగా కనబడినవి. ఇందులో ఆశ్చర్యము లేదు. ఈ యూరికి హైదరాబాదుకంటె బెంగుళూరును చెన్నపట్టణమును దగ్గర. 1953 వరకు ఈ జిల్లా మదరాసు రాష్ట్రములోనిది. నేటికిని కూలికి, చదువునకు, వైద్యమునకు బెంగుళూరు బస్సెక్కువారు పెక్కుమంది. అంబటి రాయుడు 2018 నుండి 2023 వరకు చెన్నై జట్టులోనే ఆడెను. ఒక యింటనే తండ్రి పసుపు, కొడుకు ఎరుపు, అల్లుడు నారింజ. ఆట ముగిసినంతనే ముగ్గురును ఒక్క పంక్తిని భోజనము చేయుదురు. నీవు ఎవరి వర్గము అను ప్రశ్న ఒకప్పుడు ప్రాణములు తీసిన సీమ యిది. ఇక్కడ పక్షముండియు పగ లేకుండుట అలవాటగుట చిన్న లాభము కాదు.

మిగిలినవాడు మూడవవాడు, డంబమునకు తొడుగువాడు. వాడు మండీ హమాలీ కాడు, చదువుకొన్నవాడు, జీతగాడు, మావంటివాడు, మా చదువరులవంటివాడు. మా విమర్శ యంతయు వానికే చెందును. వాని పేటిలో అంగీలు చాలినన్ని కలవు. పేరు లేనిది కొనగలడు, కొనడు. చావింటికిని, పెండ్లిచూపులకును, పిల్లవాని పంతులుగారిని చూడబోవుటకును అదియే తొడుగును. ఆట చూచును కాని ఆడడు. జట్టు గెలిచిన “మేము గెలిచితిమి” అనును, ఓడిన “వారు ఓడిరి” అనును. ఈ వ్యాకరణమును మేమెన్నడును నేర్వలేదు!

ఇంతలో మన జిల్లాలోనే యొక గొప్ప సంగతి జరిగెను. 2025 నవంబరు 2వ తేదీని నవీ ముంబయిలో భారత స్త్రీల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి మొట్టమొదటి సారిగా ప్రపంచకప్పు గెలిచెను. ఆ జట్టులోని శ్రీచరణి మన కడప జిల్లా బిడ్డ. వేంపల్లెకు ఎంతో దూరము లేని వీరపునాయునిపల్లె మండలమున ఎర్రమల్లె ఆమె యూరు. ఎడమచేతి స్పిన్నుతో ఆ పోటీలో 14 వికెట్లు పడగొట్టెను. ప్రపంచకప్పు పోటీలలో ఎదపై దేశము పేరే పెద్దగా నుండవలెనను నియమము కలదు, సొమ్మిచ్చినవాని పేరు చేతిపైకి పోవును. కావున ఆ రాత్రి ఆమె ఎదపై నున్నది భారతదేశము పేరు, వీపున నున్నది తన పేరు. రెండును ఆమె సంపాదించుకొన్నవి, ఒక్కటియు అరువు కాదు.

ఆ పిమ్మట వేంపల్లెలో అంగీలమ్ము నొక చోట, శ్రీచరణి పేరుగల యంగీ యున్నదా యని యడిగితిమి. “ఎవురూ అడగలా సార్. అడిగితే ఏపిస్తాం” అనెను. ఆ మనుష్యునిలో తప్పు లేదు. అడుగనివారము మనము. చెన్నపట్టణమునకు ఆడిన జార్ఖండు వీరుని పేరు మన వీపులపై నెక్కినది, పొరుగు మండలపు బిడ్డ పేరు ఎక్కలేదు. అభిమానమని మనము చెప్పుకొనునది నిజముగా ఆటపై అభిమానమైనచో ఆడినదెవరని చూడవలెను గాని ఆడదా మగవాడా యని చూడదు. పురుషుడు ఏ వయస్సున నైనను ఈ యంగీ తొడిగి తిరుగవచ్చును, ఎవరో యొక పెద్దాయన సణుగును, అంతియే. పదునారేండ్ల బాలిక తొడిగి బజారుకు పోయినచో ఆ వీథియంతయు సణుగును. మూడువేల రూపాయల అంగీ కొనుక్కొన్న తండ్రులు, కూతురు బంతియు బూట్లును అడిగినచో “ఆడపిల్లకేల?” అనుట మేము చెవులార వినియున్నాము. ఎర్రమల్లెలో నొక కుటుంబము ఆ మాట యనకుండుటచేతనే నేడు మనము గర్వపడుచున్నామని మఱవరాదు.

ఇక మా యభిప్రాయమును సంగ్రహించి చెప్పుదుము. ఆటజట్టు అంగీ తొడుగుట పాపము కాదు. ఆటనాడు తొడుగుడు, ఆడునప్పుడు తప్పక తొడుగుడు, తొడిగి ప్రక్కవానిని కులమడుగక కూర్చుండుడు. శోకమున్న యింటికి, శుభమున్న యింటికి, వేళకు బట్ట మార్చుకొను వీలున్నచో మార్చుకొని పోవుడు. అక్కడ మీ పేరుగల మనుష్యుడు రావలెనని వారు కోరుదురు గాని పరుని పేరు కాదు. పందెపు పేరుగల అంగీ యింటనున్నచో దానిని గచ్చు తుడుచుటకు వాడుకొనుడు. వేలు పెట్టి అంగీ కొనబోవు ముందర ఆ సొమ్ములో ఊరి బడిపిల్లలకు, అందునను ఆడుపిల్లలకు, ఎన్ని బంతులు వచ్చునో లెక్కవేయుడు. వీపున నొక పేరుండితీరవలెనని ముచ్చటయైనచో మీ కూతురి పేరు వేయించుకొనుడు. వేయువారు సిద్ధముగానే యున్నారు, మేము విచారించి వచ్చితిమి.

ఈ వ్యాసము ఆ హమాలీని నిందించుటకు మొదలుపెట్టినది. ఆయనకు మేము క్షమాపణ బాకీపడియున్నాము. పత్రిక చదువువాడు కాడు కావున, మరల ఆ యూరు పోయినప్పుడు మొగము మీదనే చెప్పుకొందుము. ఆనాడు మా భుజములపై తువ్వాళ్లు మడత నలుగక తెల్లగానే యుండినవి. పాడె మోసినది ఆ పసుపుటంగీయే.